నడిమి బంటు

జూన్ 14

మామయ్యా,

వారం నుంచి ముసురు పట్టింది. పార్సిళ్లు తడిసి ముద్దయి వస్తున్నాయి. అట్టపెట్టె ఎత్తితే అడుగు ఊడి చేతిలోకి వస్తోంది. పొద్దున్నుంచి వాటిని విప్పి, తుడిచి, మళ్లీ టేపు చుట్టి, ఊళ్లవారీగా గోతాల్లో వెయ్యడమే పని. టేపు లాగీ లాగీ బొటనవేలు వాచింది. అక్షరాలు వంకర పోతే అదీ కారణం.

ఫోన్ చేద్దామంటే నీ చెవుల సంగతి తెలిసిందే. పోయినసారి నేను మాట్లాడిందానికంటే నువ్వు "ఆఁ?" అన్నదే ఎక్కువ. అందుకే ఉత్తరం.

మా ఆఫీసు చదరంగం జట్టుకి కొత్త కోచ్ వచ్చాడు. మంచివాడే, కాకపోతే ప్రతిదానికీ కారణం అడుగుతాడు. మొన్న నా ఆట చూసి పక్కన కుర్చీ వేసుకున్నాడు.

"రెండు గడులు వెయ్యగలిగిన బంటుని ఒక్క గడి జరుపుతావేంటమ్మా? కాళ్లనొప్పులా దానికి?" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నీకు తెలుసుగా, నా ఆట నీ ఆటే. గుర్రం ముందు బంటు ఒక్క గడి, ఆ సందులో శకటు, నడిమి బంట్లు కదలవు. ఎదుటివాడు వచ్చి నడిమి గడులన్నీ ఆక్రమించుకున్నా చూస్తూ కూర్చోవడం.

"మా మామయ్య ఇలాగే నేర్పాడు సార్."

"మామయ్య ఎందుకలా నేర్పాడు?"

ఇన్నేళ్లలో నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. మొదటి ఎత్తు ఎందుకు వేస్తున్నావో తెలియకపోతే తర్వాత ఎవరికో ఒకరికి దొరికిపోతావు అన్నాడు కోచ్.

నవ్వులాటగా ఉంటే రాసేదాన్ని కాదు. అక్టోబరులో ఎంపిక పోటీ. జట్టులో నాలుగే చోట్లు. పోయినేడు నాలుగో చోటు నాది. ఈసారి ఫోన్‌లో చూసి ఆట నేర్చుకున్న కొత్తమ్మాయి ఒకతె వచ్చింది, పై ఇద్దరికీ, ఆమెకీ ఢోకా లేదు. మిగిలేది ఒక్క చోటు. దానికి నేనూ, లెక్కల సెక్షన్ ఆయనా. జట్టులో ఉంటే పగటి డ్యూటీ, ఈ టేపు పని. లేకపోతే ఏ సెక్షన్ వాళ్లకైనా రాత్రి డ్యూటీ, లారీలు దించడం. నా మణికట్టు సంగతి నీకు తెలుసు. మళ్లీ ఆ లారీల దగ్గరికి వెళ్తే ఇది పూర్తిగా పోతుంది.

కాబట్టి కారణం రాయి మామయ్యా. రెండు ముక్కలైనా చాలు.

అమ్మ కులాసా. నువ్వు మోకాళ్లకి ఏమన్నా రాస్తున్నావా అని అడగమంది.

నీ మేనకోడలు

జూన్ 29

అమ్మడూ,

ఇక్కడ వాన లేదు, పైనెక్కడో పడుతోంది. కాలవ నీళ్లు ఎర్రగా వస్తున్నాయి. వాటితోపాటు కొమ్మలు, చెత్త, ఒక రబ్బరు చెప్పు. అన్నీ పైపు మూతికి అడ్డం పడతాయి. మోటారు రొప్పడం మొదలుపెడుతుంది. నిన్న గ్రీజు, నేను నడుం లోతు నీళ్లలో దిగి పీకాం. గ్రీజు అంటే మా మెకానిక్, నీకు జ్ఞాపకం ఉండకపోదు, నీకు చక్రం బండి చేసిచ్చినవాడు. ఇప్పుడు నీళ్లలో దిగితే పైకి లాగడానికి ఇంకో మనిషి కావాలి. నాకూ అంతే. ఇద్దరం ఒకరినొకరు లాక్కుని గట్టెక్కేసరికి పొద్దు వాలింది.

పంపుహౌసు సంగతి కూడా అటో ఇటో తేల్చేట్టున్నారు. ఒక ఇంజినీరు వచ్చి మోటారు చుట్టూ తిరిగి కొలతలు రాసుకుపోయాడు. టీ ఇస్తే వద్దన్నాడు.

ఎత్తు సంగతి అడిగావు. కారణాలు ఏముంటాయి. ఎవరికి ఏది అలవాటైతే వాళ్లది ఆడతారు. మీ కోచ్ చదువుకున్నవాడు. ఆయన చెప్పినట్టు ఆడు. చోటు పోగొట్టుకోకు.

మోకాళ్లకి ఏమీ రాయడం లేదని అక్కకి చెప్పు. రాస్తే గ్రీజు వాసన చూసి ఎగతాళి చేస్తాడు.

మామయ్య

జులై 12

మామయ్యా,

నీకు కోపం వచ్చింది. రాయకపోయినా తెలుస్తూనే ఉంది. ఇన్నేళ్లు నేర్పినదాన్ని ఒకడు వచ్చి నవ్వితే ఎవరికైనా వస్తుంది. కానీ నేను నిన్ను తక్కువ చేసి చెప్పలేదు.

నువ్వే అన్నావని కోచ్ చెప్పినట్టు ఆడాను. రాజు ముందు బంటు, రెండు గడులు. వరసగా ఓడిపోయాను. అయినా ఓటమి కంటే వేరే సంగతి చెప్పాలి. నా బంటు అలా నడిమధ్యన నిలబడితే నాకు ఒళ్లు జలదరిస్తోంది. పడిపోతుందేమో అనిపిస్తోంది. బల్ల మీద బంటు ఎందుకు పడుతుంది? అయినా చెయ్యి దాని మీదికే పోతుంది. నువ్వు నడుమ బంటు పెట్టాక రెండు వేళ్లతో ఒకసారి అదిమేవాడివి, చూడు, నాకూ అదే వచ్చింది. మొన్న లెక్కలాయన మీద ఆడుతూ, నా వంతు రాగానే ఆ బంటుని అదిమాను. "ముట్టుకున్నావు, దాన్నే జరపాలి" అన్నాడాయన. రూలే కదా. జరిపాను. పోయింది. ఆట కూడా దానితోపాటే పోయింది.

"అలవాటు సార్" అంటే కోచ్ బుర్ర గోక్కున్నాడు. "మీ మామయ్య ఆట నేర్పాడా, పిండి పిసకడం నేర్పాడా?" అన్నాడు. ఆయన నోటికి అంతే, మనసులో ఏమీ ఉండదు.

మీకు కొత్త మోటారు వస్తున్నందుకు సంతోషం. ఇంక కాలవలో దిగే పని ఉండదేమో. అమ్మ కూడా మంచిదే అంది.

కోపం తగ్గాక జవాబు రాయి.

నీ పిండి పిసికే మేనకోడలు

ఆగస్టు 3

అమ్మడూ,

ఎండ మళ్లీ మొదలైంది. మడులన్నిటికీ ఒకేసారి నీళ్లు కావాలంటారు. ఉదయం కరెంటు ఉన్నంతసేపూ మోటారు, మధ్యాహ్నం తిట్లు. ఇదీ రోజు.

కొత్త మోటారు అని నీకు ఎవరు చెప్పారు? నేను అలా రాయలేదు. మళ్లీ చదువు. ఉన్నది తీసేస్తారు. కిందెక్కడో కొత్తది కడుతున్నారు. దానికి మనిషి అక్కర్లేదట, ఆఫీసులో కూర్చుని మీట నొక్కితే నీళ్లు ఎక్కుతాయట. ఇక్కడ గోడలు మిగులుతాయి. అక్క మంచిదే అందా. అననీ.

నాకు కోపం కూడా రాలేదు. ఇప్పుడు వస్తోంది. పిండి పిసకడం అన్నాడా మీ కోచ్? ఒకసారి ఇటు రమ్మను. గ్రీజుతో ఒక ఆట ఆడమను. నాతో అక్కర్లేదు, గ్రీజు చాలు.

నీ ఉత్తరం గ్రీజుకి చదివి వినిపించాను. వేళ్లతో అదిమావన్న చోట మొదలుపెట్టి పడీపడీ నవ్వాడు. దగ్గొచ్చి, మంచినీళ్లు తాగి, మళ్లీ నవ్వాడు. ఎందుకో నీకు రాయనవసరం లేదు.

కారణం లేదని మీ కోచ్‌కి చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి సిగ్గెందుకు.

మామయ్య

ఆగస్టు 22

మామయ్యా,

మోటారు సంగతి చదివి అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. నేను సరిగ్గా చదవలేదని నన్నే తిట్టింది. నువ్వు అర్థమయ్యేట్టు రాయలేదని నిన్నూ తిట్టింది, అది నేను చెప్పకూడదు.

ఇక్కడ నా సంగతి ఇలా ఉంది. మళ్లీ మన ఆటకే వచ్చేశాను. నువ్వు కారణం చెప్పవు కాబట్టి నేనే ఒకటి తయారుచేసి కోచ్‌కి చెప్పాను. "ఎదుటివాణ్ణి రానిచ్చి, వాడు అలిసిపోయాక నడుమ ఒక్క దెబ్బ కొట్టడం మా మామయ్య పద్ధతి సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. చాలాసేపు ఆలోచించి, "మీ మామయ్య సామాన్యుడు కాదే" అన్నాడు. ఇప్పుడు అందరికీ 'ఓపిక పద్ధతి' అని చెబుతున్నాడు. నీకు ఇక్కడ పేరొచ్చింది, చూసుకో.

కానీ నాకు కొట్టడం రావడం లేదు. ఎదురుచూడటం వచ్చు. ఎప్పుడు కొట్టాలో తెలియడం లేదు. ఇంకొంచెం ఆగుదాం, ఇంకొంచెం ఆగుదాం అని కూర్చుంటాను. ఈలోపు పక్కన గడియారంలో నా టైము అయిపోతుంది. పోయిన వారం లెక్కలాయన మీద అలాగే ఓడిపోయాను, బల్ల మీద నాకేం తక్కువ కాలేదు.

నీకెలా తెలిసేది? సెలవుల్లో నీ గదిలో మంచం మీద బల్ల పరుచుకుని ఆడేవాళ్లం కదా. ఎంతసేపైనా నువ్వు అంచుల్లోనే చిన్న చిన్న ఎత్తులు వేసేవాడివి. నాకు కునుకు వచ్చేది. ఉన్నట్టుండి తల ఎత్తేవాడివి. ఏదో విన్నట్టు ఒక్క క్షణం ఆగి, నడిమి బంటుని తోసేవాడివి. రెండు వేళ్లతో అదిమి, లేచి బయటికి వెళ్లిపోయేవాడివి. నన్ను భయపెట్టడానికి వెళ్తున్నావనే అనుకునేదాన్ని. నువ్వు తిరిగి వచ్చేసరికి నాకు చెమటలు పట్టేవి.

ఏం వినేవాడివి మామయ్యా? అదొక్కటి చెప్పు. ఇంక రెండు నెలలు కూడా లేవు.

గ్రీజు నన్ను చూసి ఎందుకు నవ్వాలి? చిన్నప్పుడు బండి చేసిచ్చినవాడు నా ఓటమికి నవ్వాడంటే నాకేం బాగా లేదు.

నీ మేనకోడలు

సెప్టెంబరు 6

అమ్మడూ,

మబ్బు పట్టి ఉంది, పడటం లేదు. ఈ వారం పని తక్కువ. ఎలాగూ తీసేసేదే కదా అని పాడైన భాగాలకి కొత్తవి పంపడం మానేశారు. బెల్టు తెగితే గ్రీజు కుట్టాడు. చెప్పు కుట్టినట్టు కుట్టాడు.

వాడు నిన్ను చూసి నవ్వలేదు. నన్ను చూసి నవ్వాడు.

ఎప్పుడు కొట్టాలో అడిగావు. చెబుతున్నాను. ఎదుటివాణ్ణి చూస్తూ ఉండు. ముందుకు వంగి కూర్చున్నంతసేపూ వాడి బుర్ర పని చేస్తున్నట్టు. వెనక్కి వాలాడంటే ఇంక చాల్లే అనుకున్నట్టు. అప్పుడు తొయ్యి. అదే నేను చూసేది.

చెయ్యి జాగ్రత్త. వేడినీళ్లలో పెట్టుకో.

మామయ్య

సెప్టెంబరు 20

మామయ్యా,

ఎండలకి పార్సిల్ హాలు రేకు పెనంలా కాలుతోంది. టేపు జిగురు కరిగి వేళ్లకి పట్టుకుంటోంది. కాయితం మీద మరకలు అవే.

నువ్వు చెప్పినట్టే చేశాను. లెక్కలాయన మీద ఆడుతూ ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. ఆయన వెనక్కి వాలాడు. తోశాను. తొందరపడ్డాను, పోయింది. రెండో ఆటలో కూర్చోగానే వెనక్కి వాలాడు, ఇదేంటి ఇంత త్వరగా అనుకుంటూనే తోశాను. అదీ పోయింది. మూడో ఆటలో ఆయనే అడిగాడు:

"ఏంటమ్మా, నా మొహంలో ఏమన్నా ఉందా? అలా చూస్తున్నావ్?"

"ఏం లేదు సార్. మీరు వెనక్కి వాలితే..."

"నడుం నొప్పమ్మా. డిస్కు జారింది. ముందుకు వంగితే లేవలేను."

మామయ్యా, ఆయన ఎప్పుడూ వాలే కూర్చుంటాడు. ఆఫీసులో అందరికీ తెలుసు, నాకు తప్ప. కోచ్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

చిన్నప్పుడు నేను నీ ఎదురుగా మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చునేదాన్ని. వెనక్కి వాలడానికి గోడ కూడా ఉండేది కాదు. నువ్వు నన్ను చూసి తోశావన్నది నిజం కాదు. నాకు జ్ఞాపకం ఉంది, నువ్వు నావైపు చూసేవాడివే కాదు.

నాకు ఇంక ఓపిక లేదు. పొద్దున లేస్తే ఈ హాలు, మధ్యాహ్నం ఆ బల్ల, సాయంత్రం అమ్మ ప్రశ్నలు. చెప్పడం ఇష్టం లేకపోతే లేదని రాయి. నీ ఆట నాకివ్వడం ఇష్టం లేదనుకుంటాను. ఏదో ఒకటి కల్పించి మాత్రం పంపకు. పోటీ వచ్చే నెల పదిహేడున.

మేనకోడలు

అక్టోబరు 1

అమ్మడూ,

గాలి తిరిగింది. పొద్దున చలిగా ఉంటోంది. కాలవలో నీళ్లు తగ్గాయి, మోటారు రోజూ కాసేపే నడుస్తోంది. మంగళవారం నుంచి అదీ ఆపేస్తామని కబురు వచ్చింది.

నీ ఉత్తరం గ్రీజుకి వినిపించాను. ఈసారి నవ్వలేదు. "పిల్ల చోటు పోయేట్టుంది, చెప్పెయ్యవయ్యా" అన్నాడు. చెబుతున్నాను. దాచాలని కాదు. ఏదో ఉందనుకుని అంత నమ్మకంగా అడిగితే, ఇదా అంటావని.

నువ్వు పంపుహౌసు లోపలికి ఎప్పుడూ రాలేదు. బెల్టు తిరుగుతుంది, జుట్టు చిక్కుకుంటుందని అక్క నీ చేత ఒట్టు వేయించుకుంది. వచ్చి ఉంటే నీకు ఇవన్నీ అడిగే పని ఉండేది కాదు.

మోటారు వచ్చిన చెక్కపెట్టె ఒకటి ఉంది. గ్రీజు, నేను దానిమీద ఆడేవాళ్లం, ఉద్యోగంలో చేరిన కొత్తలోనుంచీ. మా బల్ల మడిచే బల్ల. నడుమ మడత. మోటారు నడుస్తుంటే నేల అదురుతుంది, పెట్టె అదురుతుంది, పావులు నడుస్తాయి. నిజంగానే నడుస్తాయి. మడతకి దగ్గరగా పెట్టింది ఏదైనా మెల్లగా జరిగి ఆ సందులో పడుతుంది. పడితే ఎక్కడుండేదో మనకి జ్ఞాపకం ఉండదు. దానిమీద తగాదా. మొదట్లో రోజూ తగాదానే. ఒకసారి వాడు నా మంత్రిని కాలవలోకి విసిరాడు. అందుకని మోటారు నడిచినంతసేపూ ఎవరూ నడుమ ఏమీ పెట్టకూడదని అనుకున్నాం. అంచుల్లోనే ఆడుకోవాలి. బంటు ఒక్క గడి జరపాలి, శకటు మూలన ఉండాలి. రెండు గడులు వేస్తే మడత దగ్గరికి వెళ్తుంది. కరెంటు పోయి మోటారు ఆగిందంటే అప్పుడు అసలు ఆట. ఎవరి వంతైతే వాళ్లు నడుమకి తోస్తారు. తోసి, నేల పూర్తిగా ఆగిందో లేదోనని వేళ్లతో ఒకసారి అదుముతాం.

ఒక గుర్రం పోతే దాని బదులు గ్రీజు పెద్ద బోల్టు పెట్టాడు. ఎంత అదిరినా అది నడవదు. ఎడమవైపు గుర్రం. వాడు ఎప్పుడూ దానితోనే మొదలుపెడతాడు. నువ్వూ అంతే, ఎడమ గుర్రమే ముందు తీస్తావు, నన్ను చూసి. నాకు వాణ్ణి చూసి వచ్చింది.

పంపుహౌసు పక్కనే ఉన్న నా గదిలో నీతో ఆడినప్పుడు మంచం అదరదు. కానీ చెయ్యికి అలవాటైపోయింది. మోటారు ఆగగానే తల ఎత్తేవాణ్ణి. వినడం కాదు, నా చెవులు అప్పటికే పోయాయి. కాళ్లకి తెలుస్తుంది. నేల ఆగుతుంది. ఆగగానే చెయ్యి నడిమి బంటు మీదికి పోయేది. తర్వాత లేచి వెళ్లడం నిన్ను భయపెట్టడానికి కాదు. మోటారు ఆగితే వాల్వు కట్టాలి. కట్టకపోతే నీళ్లు వెనక్కి తన్నుతాయి.

అంతే. సెలవులకి వచ్చినప్పుడల్లా విని నీకు ఆ చప్పుడు చిన్నప్పటినుంచీ అలవాటు. ఉన్నట్టూ తెలియదు, ఆగినట్టూ తెలియదు.

ఇందులో పద్ధతి ఏమీ లేదు. కోచ్ దగ్గర నా పేరు తీసెయ్యమను. పోటీకి పదిహేను రోజులే ఉన్నాయి, వేరే ఏదైనా నేర్చుకోవడానికి చాలదేమో. ముందే చెప్పి ఉండాల్సింది అని గ్రీజు అంటున్నాడు. ముందు నువ్వు ఇంతగా అడగలేదు.

మామయ్య

అక్టోబరు 21

మామయ్యా,

చలి మొదలైంది. హాలు తలుపు తీసి పెడితే గాలి పార్సిళ్ల మీది చీటీలు ఎగరగొడుతోంది, మూస్తే పార్సిళ్లు తిప్పే మెషీను వేడి. రోజంతా ఎవరో ఒకరు లేచి తలుపు తియ్యడమో మూయడమో.

నీ ఉత్తరం భోజనాల గదిలో చదివాను. చదవడం అయ్యాక డబ్బా మూత పెట్టేసి కూర్చున్నాను. పక్కన ఉన్నామె "ఎవరన్నా పోయారా?" అని అడిగింది. లేదన్నాను. నాకు కోపం వచ్చింది, ఇన్నేళ్లు ఒక చెక్కపెట్టె అదిరినందుకు నేను రెండు గడులు వెయ్యాల్సిన బంటుని ఒక్క గడి వేస్తున్నానా అని. తర్వాత గ్రీజు ఎందుకు నవ్వాడో అర్థమైంది. నాకూ నవ్వొచ్చింది. అప్పుడు పక్కామె లేచి వేరే బల్ల దగ్గరికి వెళ్లింది.

కోచ్‌కి చెప్పేశాను. చాలా తిడతాడనుకున్నాను, 'ఓపిక పద్ధతి' అని అందరికీ పాఠం చెప్పాడుగా. తిట్టలేదు.

"మరి మీరు రాజు ముందు బంటే ఎందుకు ఆడతారు సార్?" అన్నాను.

"మా స్కూలు లైబ్రరీలో ఒక్కటే పుస్తకం ఉండేది. వెనక సగం ఎవరో చింపేశారు. ఉన్న సగంలో అదే ఉంది" అన్నాడు. అటూ ఇటూ చూసి, "ఎవరితోనూ అనకు" అన్నాడు.

వేరే ఆట నేర్చుకోలేదు. టైమూ లేదు, ఓపికా లేదు. పదిహేడున మనదే ఆడాను. మిగతావి వచ్చినవి వచ్చాయి, పోయినవి పోయాయి. చివరికి నాకూ లెక్కలాయనకూ సమానం. ఇద్దరికీ ఒక ఆట మిగిలింది, మా ఇద్దరికీ మధ్యనే.

బంటు ఒక్క గడి. శకటు మూలన. ఎడమ గుర్రం. ఆయన రాజు ముందు బంటు రెండు గడులు వేసి, నడుమంతా నింపుకుని, కుర్చీలో వెనక్కి వాలాడు. నేను చూడలేదు. ఆ రోజు సెలవు, హాల్లో మెషీను కూడా నడవడం లేదు. చెప్పులు విడిచి కాళ్లు నేలకి ఆనించి చూశాను. ఏమీ లేదు. నేల నేలలాగే ఉంది. ఇంకొంచెం ఆగుదాం అనుకున్నాను. మళ్లీ అనుకున్నాను. ఆగడానికి ఇక్కడ మోటారే లేదు కదా, ఇలా ఎంతసేపు అనిపించింది. నడిమి బంటుని తోశాను. అదమలేదు. చెయ్యి ఒళ్లో పెట్టేసుకున్నాను.

గెలిచాను మామయ్యా.

ఆయన లేవడానికి బల్ల పట్టుకున్నాడు. నేను చెయ్యి అందించాను.

"అంతసేపు ఆగావు, అప్పుడే ఎందుకు తోశావమ్మా?" అన్నాడు.

"విసుగొచ్చింది సార్."

"నాకు ఎప్పుడో వచ్చింది" అన్నాడు.

సోమవారం నేను ఇంటికి వస్తుంటే ఆయన ఎదురయ్యాడు, రాత్రి డ్యూటీకి వస్తూ. నడుముకి బెల్టు కట్టుకున్నాడు. లారీలు అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉన్నాయి. "తేలికవి నాకు వదిలెయ్యమని చెప్పానులే" అన్నాడు. నా చోటు నాకు దక్కింది. సంతోషంగా ఉండాలని అమ్మ అంటోంది. ఉంటాను, ముందు నిద్రపోవాలి.

ఆ బోల్టు నాకు కావాలి. వచ్చేటప్పుడు తీసుకురా. పెట్టె రాకపోయినా పర్లేదు.

మంగళవారం నుంచి ఆపేస్తామన్నారని రాశావు. ఏమైంది? అక్కడ ఇంకా ఎవరు మిగిలారు, ఎవరు ఎప్పుడు వెళ్తున్నారు, అన్నీ వివరంగా రాయమంది అమ్మ. వెంటనే రాయి.

నీ మేనకోడలు

నవంబరు 5

అమ్మడూ,

మంచు పడుతోంది. పని లేదు. ఇది బస్టాండు బల్ల మీద కూర్చుని రాస్తున్నాను, బస్సు ఆలస్యం.

నీ ఉత్తరం సరిగ్గా అందింది. చోటు దక్కినందుకు సంతోషం. గ్రీజుకి రెండుసార్లు చదివాను. 'విసుగొచ్చింది సార్' అన్నచోట మూడోసారి చదవమన్నాడు. లెక్కలాయన్ని బరువు ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచమను, నడుం కాదు. నేను చెప్పానని చెప్పు.

మోటారు ఆగి నెలైంది. లారీ రావడం ఆలస్యమైంది. అంతవరకూ కాపలా ఉండమన్నారు. ఆగిన మోటారుకి కాపలా. మొదటి రోజు నాకు నిద్ర పట్టలేదు. పట్టుకోవడానికి ఏమీ లేనట్టుంది కాళ్లకి.

సోమవారం గ్రీజు పెట్టె తుడిచి పావులు పేర్చాడు. ఆడాం. అలవాటు ప్రకారం బంటు ఒక్క గడి, వాడు బోల్టు. అంచుల్లో జరుపుకుంటూ కూర్చున్నాం. పెట్టె కదలడం లేదు. నడుమ పెట్టినా పడేది లేదు. అయినా ఎవరూ పెట్టలేదు. ఎవరు ముందు తొయ్యాలి, ఎప్పుడు తొయ్యాలి, ఇద్దరికీ తెలియలేదు. "విసుగొచ్చేదాకా కూర్చుందాం, మీ పిల్ల చెప్పినట్టు" అన్నాడు గ్రీజు. కూర్చున్నాం. విసుగు రాలేదు. వెలుగు పోయాక పావులు డబ్బాలో పోశాం.

బోల్టు అడిగావు. అది లేదు. మోటారుని లారీలో కట్టేటప్పుడు పట్టీకి ఒక బోల్టు తక్కువైంది. లారీ కుర్రాళ్లు వెతికారు. గ్రీజు జేబులోంచి తీసి ఇచ్చాడు. సరిగ్గా సరిపోయింది. బిగించి, చేత్తో ఒకసారి అదిమి, దిగాడు.

నాకు కింద ఆఫీసులో ఏదో పని చూపిస్తామన్నారు. ముందు అక్కని చూసి వెళ్తాను. బల్ల తెస్తున్నాను, మడత దగ్గర అతికించాను.

అక్క అడిగినవి: మోటారు మంగళవారం మధ్యాహ్నం లారీలో వెళ్లింది. గ్రీజు ఆ సాయంత్రం బస్సుకి వాళ్ల అబ్బాయి దగ్గరికి వెళ్లాడు. నేను ఇవాళ పొద్దున తాళం ఇచ్చేసి బయల్దేరాను.